తెల్లకణాలు 13,400… టెన్షన్ పడాలా?

గర్భిణులు, పసిబిడ్డల ఇమ్యూనిటీపై పాఠకుల ప్రశ్నలకు డాక్టరు జవాబులు

ఈసారి వచ్చిన ఉత్తరాల్లో ఎక్కువ భాగం గర్భిణులవి, కొత్తగా తల్లులైనవాళ్లవి. ఒక్కొక్కరు ఒక్కో సంగతి అడిగినా చాలామంది మనసులో ఒకే నమ్మకం ఉన్నట్టుంది. కడుపుతో ఉంటే ఇమ్యూనిటీ పడిపోతుందని, పుట్టిన బిడ్డకైతే అసలే ఉండదని. ఈ మాట అంతగా పాకిపోవడం నాకు నిజంగా బాధగా ఉంటుంది, ఎందుకంటే అవసరంలేని మందులు మింగడం, అవసరమైన టీకా మానేయడం రెండూ దీనివల్లే జరుగుతున్నాయి. తల్లి ఒంట్లోని రక్షణ కణాలు ఆ తొమ్మిది నెలలూ గట్టిగానే పనిచేస్తాయి, కాకపోతే పని తీరు మార్చుకుంటాయి. ఎలాగో ఒక్కో ప్రశ్నలో చూద్దాం.

ప్రశ్న: డాక్టరు గారూ, నాకిప్పుడు ఆరో నెల. మామూలు చెకప్‌లో రక్తపరీక్ష చేయిస్తే తెల్లరక్తకణాలు 13,400 అని వచ్చింది, పక్కన ‘హెచ్’ (హై, అంటే ఎక్కువ) అని ఉంది. న్యూట్రోఫిల్స్ (తెల్లకణాల్లో ఒక రకం) 78 శాతం. జ్వరం లేదు, నలతగా కూడా లేదు. ఒంట్లో ఎక్కడో ఇన్‌ఫెక్షన్ ఉండే ఉంటుంది, యాంటీబయాటిక్ వేసుకోమని తెలిసినవాళ్లు అంటున్నారు. వేసుకోనా?

జవాబు: వద్దమ్మా. రిపోర్టులో పక్కన 4,000 నుంచి 11,000 అని అచ్చయి ఉండేది గర్భం లేని పెద్దవాళ్ల లెక్క, ఆ హద్దు దాటితే చాలు ల్యాబ్ కంప్యూటర్ ‘హెచ్’ కొట్టేస్తుంది, మీకు ఆరో నెల అని దానికి తెలియదు. గర్భంతో ఉన్నప్పుడు ఈ సంఖ్య మొదటి మూడు నెలల్లోనే పెరగడం మొదలవుతుంది, 15,000 దాకా వెళ్లినా ఏ జబ్బూ లేకపోవచ్చు, ఇక నొప్పులు పడుతున్నప్పుడు, కాన్పయిన మర్నాడు చూస్తే 20,000 దాటి కూడా కనిపిస్తుంది, తర్వాత కొన్ని వారాల్లో దానంతటదే దిగుతుంది. పెరిగేవి ముఖ్యంగా న్యూట్రోఫిల్సే. గర్భిణి ఒంట్లో కార్టిజాల్ అనే హార్మోన్ ఎక్కువగా ఉంటుంది, ఎముక మజ్జ నుంచి న్యూట్రోఫిల్స్ ఎక్కువగా బయటికొస్తాయి, వచ్చినవి రక్తంలో ఎక్కువసేపు తిరుగుతాయి. అవి పెరిగిన మేరకు లింఫోసైట్లనే ఇంకో రకం తెల్లకణాల శాతం తగ్గినట్టు కనిపిస్తుంది, కాబట్టి రిపోర్టులో దాని పక్కన ‘ఎల్’ (లో, అంటే తక్కువ) ఉన్నా కంగారు పడకండి.

నెలలు నిండకముందే కాన్పయ్యేలా ఉందని బిడ్డ ఊపిరితిత్తుల కోసం స్టెరాయిడ్ ఇంజెక్షన్ ఇస్తే ఆ తర్వాత ఒకట్రెండు రోజులు కూడా ఈ సంఖ్య బాగా పెరుగుతుంది. ఇది తెలియక భయపడేవాళ్లు చాలామంది.

మరి ఎప్పుడు పట్టించుకోవాలి? జ్వరం, చలి, మూత్రంలో మంట, నడుము పక్కన నొప్పి, వాసనతో వైట్‌డిశ్చార్జి, ఇలాంటివి ఒక్కటి ఉన్నా అప్పుడు 9,000 ఉన్నా సరే డాక్టరుకు చూపించాలి. మంట లేకపోయినా గర్భిణులకు ఒకసారి మూత్రం కల్చర్ (బ్యాక్టీరియా ఉందేమో చూసే పరీక్ష) చేయిస్తారు, అది మాత్రం మానకండి. బాధ తెలియకుండా మూత్రంలో ఉండిపోయిన బ్యాక్టీరియా గర్భిణుల్లో కిడ్నీ దాకా పాకే అవకాశం ఎక్కువ, అందుకే అది దొరికితే లక్షణాలు లేకపోయినా మందు వాడాలి. 13,400 అనే ఒక్క అంకె చూసి మాత్రం వాడకూడదు.

ప్రశ్న: నేను బీఎస్సీ విద్యార్థిని. అన్నదమ్ముల కిడ్నీ పెట్టినా శరీరం ఒప్పుకోదు, జీవితాంతం మందులు వాడాలి. బిడ్డలో సగం జన్యువులు తండ్రివి కదా, మరి తల్లి శరీరం తొమ్మిది నెలలు ఎలా ఊరుకుంటుంది?

జవాబు: చాలా మంచి ప్రశ్న, కాస్త వివరంగా చెప్తాను. సరిగ్గా ఇదే ప్రశ్నను 1953లో పీటర్ మెడవార్ అనే బ్రిటిష్ శాస్త్రవేత్త వేశాడు. చర్మం అంటుకట్టడం మీద, శరీరం పరాయి కణాలను ఎలా సహిస్తుందన్న దాని మీద పనిచేసి 1960లో బర్నెట్‌తో కలిసి నోబెల్ అందుకున్న మనిషి. ఆయన మూడు ఊహలు చేశాడు: తల్లీ బిడ్డల మధ్య అడ్డుగోడ ఉండాలి, లేదా బిడ్డ కణాలు ఇంకా పరాయివిగా కనిపించేంత ఎదగలేదు, లేదా తల్లి రక్షణ వ్యవస్థ మందగించింది. చివరి ఊహే జనంలో నిలిచిపోయింది, కానీ తర్వాతి పరిశోధనల్లో నిలబడలేదు. అడ్డుగోడ మాట కొంతవరకే నిజం, ఎందుకంటే బిడ్డ కణాలు తల్లి రక్తంలోకి, తల్లి కణాలు బిడ్డలోకి వెళ్తూనే ఉంటాయి. మగబిడ్డను కన్న 27 ఏళ్ల తర్వాత కూడా తల్లి రక్తంలో ఆ మగ కణాలు దొరికాయని 1996లో ప్రచురించారు.

అసలు పని జరిగేది మాయ (ప్లాసెంటా) గర్భసంచికి అతుక్కునే చోట. అక్కడ తల్లి కణాలకు ఎదురుపడేవి ట్రోఫోబ్లాస్ట్ అనే మాయ కణాలు. మన కణాలన్నీ హెచ్‌ఎల్‌ఏ అనే గుర్తింపు కార్డులు బయటికి పెట్టుకుని తిరుగుతాయి, అవయవ మార్పిడిలో గొడవంతా వీటితోనే. ట్రోఫోబ్లాస్ట్ కణాలు అందులో గొడవ తెచ్చే ఏ, బీ రకాలను బయటపెట్టవు, వాటి బదులు జీ అనే ప్రత్యేకమైన రకాన్ని, దాంతోపాటు సీ, ఈ రకాలను చూపిస్తాయి. జీ రకాన్ని చూసిన తల్లి కణాలు నెమ్మదిస్తాయి.

ఇప్పుడు అసలు విశేషం. మొదటి మూడు నెలల్లో గర్భసంచి లోపలి పొరను తీసుకుని చూస్తే అక్కడున్న తెల్లరక్తకణాల్లో 70 శాతం దాకా ఎన్‌కే (నేచురల్ కిల్లర్) కణాలే ఉంటాయి. రక్తంలో వైరస్ సోకిన కణాలను, క్యాన్సర్ కణాలను చంపేది ఈ జాతే, గర్భసంచిలో ఉండే రకం మాత్రం చంపడంలో మందకొడి, దాని పని వేరు. గర్భసంచిలోకి వచ్చే చిన్న రక్తనాళాలు మెలికలు తిరిగి ఉంటాయి, వాటి గోడలో కండర పొర ఉంటుంది, అది బిగిస్తే నాళం సన్నబడి రక్తం తగ్గిపోతుంది. ఎన్‌కే కణాలు, ట్రోఫోబ్లాస్ట్ కణాలు కలిసి ఆ కండర పొరను కరిగించేస్తాయి. నాళం వెడల్పయి, ఇక బిగుసుకోవడం రాక, రక్తం నిదానంగా, ధారాళంగా మాయలోకి చేరుతుంది. ఈ పని సగంలో ఆగితే ఏమవుతుందో ప్రీఎక్లాంప్సియాలో, అంటే గర్భిణికి 20 వారాల తర్వాత బీపీ పెరిగి కిడ్నీ, కాలేయం మీద దెబ్బపడే జబ్బులో చాలాసార్లు కనిపిస్తుంది. నాళాలు సన్నగానే ఉండిపోతాయి, బిడ్డ ఎదుగుదల తగ్గుతుంది. అంటే తల్లి రక్షణ కణాలు నిద్రపోతే గర్భానికి లాభం లేదు, అవి వచ్చి పనిచేయాలి. ఈ ఒక్క విషయం గుర్తుపెట్టుకున్నా చాలు.

వీటికి తోడు రెగ్యులేటరీ టీ కణాలని ఉంటాయి, మిగతా టీ కణాల (పరాయి కణాల మీద దాడి చేసే తెల్లకణాలు) దూకుడును ఆపడం వాటి పని, గర్భంలో అవి పెరుగుతాయి. ఎలుకల్లో వాటిని తీసేస్తే తండ్రి జాతి వేరైనప్పుడు పిండాలు నిలవలేదని 2004లో తేలింది. పరీక్షకు పనికొచ్చే మాట ఇంకొకటి చెప్తాను: గర్భం మొత్తం ఒకే స్థితిలో ఉండదు. పిండం అతుక్కునేటప్పుడు అక్కడ వాపు, అంటే ఇన్‌ఫ్లమేషన్ కావాలి, మధ్య నెలల్లో అది అణగాలి, నొప్పులు మొదలవడానికి మళ్లీ రావాలి. ఈ మార్పులు ఎంత క్రమం తప్పకుండా జరుగుతాయంటే, రక్తంలోని రక్షణ కణాల తీరు చూసి ఎన్నో వారమో అంచనా వేయొచ్చని స్టాన్‌ఫర్డ్ వాళ్లు 2017లో చూపించారు.

మీరు అడగలేదు కానీ, దాత అండంతో గర్భం దాల్చిన స్త్రీకి బిడ్డలో సగం కాదు, మొత్తం జన్యువులూ పరాయివే. అయినా చాలామందికి గర్భం నిలుస్తుంది, ప్రీఎక్లాంప్సియా రిస్కు మాత్రం పెరుగుతుంది.

ప్రశ్న: నాకు వరసగా రెండు అబార్షన్లయ్యాయి. రక్తంలో ఎన్‌కే కణాలు ఎక్కువున్నాయని, అవే బిడ్డను చంపేస్తున్నాయని ఒక చోట చెప్పారు. ఇంట్రాలిపిడ్ అనే కొవ్వు ద్రవం సెలైన్లు ఎక్కించాలంటున్నారు. చేయించుకోవాలా? నా ఒళ్లే నా బిడ్డకు శత్రువా?

జవాబు: కాదమ్మా, మీ ఒళ్లు ఎవరికీ శత్రువు కాదు. చివరి ప్రశ్న చదివి చాలాసేపు బాధపడ్డాను, ఒక పరీక్ష రిపోర్టు చూపించి ఒక తల్లి చేత ఈ మాట అనిపించడం అన్యాయం. పై జవాబు ఒకసారి చదవండి. చేతిలోంచి తీసిన రక్తంలో దొరికే ఎన్‌కే కణాలు వేరు, గర్భసంచిలో పనిచేసేవి వేరు, మొదటివాటిని లెక్కపెట్టి రెండోవాటి సంగతి చెప్పలేం. పైగా రక్తంలో ఆ సంఖ్య పరీక్ష చేసిన వేళను బట్టి, ఆ రోజు టెన్షన్‌ను బట్టి కూడా మారుతుంది. ఇంత దాటితే అబార్షన్ అవుతుందని అందరూ ఒప్పుకున్న హద్దు లేదు. అందుకే ఈ పరీక్షను గానీ, ఇంట్రాలిపిడ్‌ను గానీ, భర్త తెల్లకణాలను ఇంజెక్షన్‌గా ఇచ్చే పద్ధతిని గానీ రొటీన్‌గా చేయమని పెద్ద వైద్య సంఘాల మార్గదర్శకాలు చెప్పడం లేదు.

చేయించాల్సినవి వేరే ఉన్నాయి. రక్తం గడ్డకట్టేలా చేసే యాంటీఫాస్ఫోలిపిడ్ యాంటీబాడీల పరీక్ష చేయించండి, పాజిటివ్ వస్తే కనీసం 12 వారాల తర్వాత మళ్లీ చేయాలి, ఒక్కసారి వచ్చినంత మాత్రాన యాంటీఫాస్ఫోలిపిడ్ సిండ్రోమ్ అనే జబ్బు ఉన్నట్టు కాదు. రెండుసార్లూ వస్తే తర్వాతి గర్భంలో రక్తం గడ్డకట్టకుండా తక్కువ మోతాదు ఆస్పిరిన్, హెపారిన్ ఇస్తారు, వాటితో ఫలితం ఉంటుంది. దాంతోపాటు థైరాయిడ్, షుగరు, గర్భసంచి ఆకారం చూడాలి. మొదటి మూడు నెలల్లో పోయే గర్భాల్లో దాదాపు సగం పిండంలోని క్రోమోజోముల తేడా వల్లే, అది తల్లి ఏదో చేసినందువల్లో, చేయనందువల్లో వచ్చేది కాదు. అన్ని పరీక్షలూ చేసినా కారణం దొరకని వాళ్లు కూడా చాలామంది ఉంటారు, వాళ్లలో ఎక్కువమందికి ఏ ప్రత్యేక మందూ లేకుండానే తర్వాత బిడ్డ నిలుస్తుంది.

ప్రశ్న: నాకు నాలుగేళ్లుగా రుమటాయిడ్ కీళ్లవాతం. ఐదో నెల వచ్చాక నొప్పులు ఆశ్చర్యంగా తగ్గిపోయాయి. జబ్బు పోయినట్టేనా?

జవాబు: పోలేదు, అణిగింది. ఇది రక్షణ కణాలు సొంత కీళ్ల మీదే దాడి చేసే జబ్బు, గర్భంలో వాటి తీరు మారుతుంది కదా. చాలామందిలో ఇలాగే జరుగుతుంది. అమెరికన్ డాక్టరు ఫిలిప్ హెంచ్ 1938లోనే దీన్ని రాశాడు, గర్భంలో ఏదో పదార్థం ఈ నొప్పిని తగ్గిస్తోందన్న ఆలోచన కూడా ఆయన్ను కార్టిజోన్ అనే స్టెరాయిడ్ మందు దాకా నడిపించింది, దానికి 1950లో నోబెల్ వచ్చింది. కాన్పయ్యాక మొదటి కొన్ని నెలల్లో నొప్పులు తిరగబెట్టే అవకాశం బాగా ఎక్కువ, కాబట్టి ఏ మందు పాలిచ్చేటప్పుడు వాడొచ్చో మీ డాక్టరుతో ఇప్పుడే మాట్లాడి ఉంచుకోండి, సొంతంగా మాత్రం ఏదీ ఆపొద్దు. మెదడు, వెన్నుపాము నరాల మీద అలాంటి దాడే జరిగే మల్టిపుల్ స్క్లిరోసిస్ కూడా ఇదే దారిలో నడుస్తుంది. చర్మం, కీళ్లు, కిడ్నీ లాంటి చాలా అవయవాలను ఇలాగే దెబ్బతీసే లూపస్ అలా కాదు, గర్భంలోనే ముదరొచ్చు, అదున్నవాళ్లు జబ్బు అదుపులో ఉన్నప్పుడే గర్భం ప్లాన్ చేసుకోవాలి.

ప్రశ్న: ఏడో నెలలో కోరింత దగ్గు టీకా, ఫ్లూ టీకా వేయించుకోమన్నారు. కడుపులో బిడ్డ ఉండగా టీకాలేంటని ఇంట్లో వద్దంటున్నారు. బిడ్డకు పుట్టాక వేయించొచ్చు కదా?

జవాబు: పుట్టాక వేయించొచ్చు, కానీ కోరింత దగ్గు టీకా బిడ్డకు మొదలయ్యేది ఆరో వారంలోనో రెండో నెలలోనో, అది పూర్తిగా పనిచేయడానికి ఇంకొన్ని డోసులు పడాలి. ఆ దగ్గు ప్రాణం తీసేది సరిగ్గా ఆ మొదటి రెండు మూడు నెలల పసికందులనే. ఆ ఖాళీని నింపగలిగేది మీరొక్కరే.

తల్లి రక్తంలోని యాంటీబాడీల్లో ఐజీజీ అనే రకం మాత్రమే మాయ దాటుతుంది. అదీ ఊరికే కారిపోదు, మాయ కణాల్లో ఎఫ్‌సీఆర్‌ఎన్ అనే రిసెప్టర్ ఒక్కోదాన్ని పట్టుకుని అటువైపు చేరవేస్తుంది. ఈ రవాణా నాలుగో నెలలోనే కొద్దికొద్దిగా మొదలైనా ఎక్కువ భాగం చివరి మూడు నెలల్లోనే జరుగుతుంది, నెలలు నిండేసరికి బిడ్డ రక్తంలో ఐజీజీ తల్లితో సమానంగా, ఒక్కోసారి ఇంకాస్త ఎక్కువగా కూడా ఉంటుంది. అందుకే కోరింత దగ్గు టీకాను 27 నుంచి 36 వారాల మధ్య వేయమంటారు: మీ ఒళ్లు యాంటీబాడీలు తయారుచేయడానికి ఒకట్రెండు వారాలు, అవి బిడ్డకు చేరడానికి మరికొన్ని వారాలు. 28 వారాలకే పుట్టిన బిడ్డకు ఈ వాటా చాలా తక్కువ అందుతుంది, ఇన్‌ఫెక్షన్ల విషయంలో వాళ్లను అంత జాగ్రత్తగా చూసేది ఇందుకు కూడా.

ఈ వాటా శాశ్వతం కాదు. ఐజీజీ సుమారు 21 రోజులకు సగమవుతుంది. పుట్టినరోజు 100 ఉంటే మూడు వారాలకు 50, ఆరు వారాలకు 25, పన్నెండు వారాలకు 6. అందుకే పోయిన కాన్పులో వేయించుకున్నా ఈసారి మళ్లీ వేయించుకోవాలి, మీ రక్తంలో కూడా అది తగ్గిపోయి ఉంటుంది.

ఫ్లూ టీకా ముందు మీ కోసం. గర్భిణికి ఫ్లూ వస్తే న్యుమోనియా దాకా వెళ్లే అవకాశం మిగతావాళ్లకంటే ఎక్కువ, 2009 స్వైన్‌ఫ్లూలో ప్రపంచమంతా ఇది చూసింది. పెరిగిన పొట్ట ఊపిరితిత్తులను పైకి నెట్టడం, గుండె మీద భారం, వైరస్‌ను ఎదుర్కొనే తీరు మారడం అన్నీ కలిసి చేసే పని అది. హెపటైటిస్-ఈ కామెర్లు కూడా అంతే, మామూలుగా తగ్గిపోయే జబ్బు చివరి నెలల్లో ప్రాణాంతకం కావచ్చు. వేయించుకోకూడనివి బతికున్న వైరస్‌తో తయారయ్యే టీకాలు, అంటే తట్టు-గవదబిళ్లలు-రుబెల్లా టీకా, ఆటలమ్మ టీకా. అవి గర్భానికి ముందో, కాన్పు తర్వాతో. ఇంట్లోవాళ్లకు ఈ పేజీ చూపించండి.

ప్రశ్న: నాది ఓ నెగటివ్, మావారిది బీ పాజిటివ్. మొదటి కాన్పే కదా, ఇంజెక్షన్ అక్కర్లేదంటున్నారు.

జవాబు: మొదటి బిడ్డకు సాధారణంగా ప్రమాదం ఉండదు, ఆ ఇంజెక్షన్ రెండో బిడ్డ కోసం. మొదటి బిడ్డ పాజిటివ్ అయితే కాన్పు సమయంలో ఆ రక్తం కాస్త మీలో కలుస్తుంది, మీ కణాలు దానికి ఐజీజీ యాంటీబాడీలు చేసి గుర్తుపెట్టుకుంటాయి. తర్వాతి గర్భంలో ఎఫ్‌సీఆర్‌ఎన్ మంచీ చెడూ చూడకుండా వాటినీ బిడ్డకు చేరుస్తుంది, బిడ్డ ఎర్రకణాలు పగిలిపోతాయి. యాంటీ-డి ఇంజెక్షన్ 28 వారాలకు ఒకసారి, బిడ్డ పాజిటివ్ అని తేలితే కాన్పయిన 72 గంటల్లోపు ఇంకోసారి. అబార్షన్ అయినా, మధ్యలో బ్లీడింగ్ అయినా, పొట్టకు దెబ్బ తగిలినా డాక్టరుకు మీ గ్రూపు గుర్తుచేయండి.

ప్రశ్న: నా మనవరాలు పుట్టి 20 రోజులు. పుట్టినరోజు రక్తపరీక్షలో తెల్లకణాలు 22,000 అంటే మా అమ్మాయి భయపడిపోయింది. ఇమ్యూనిటీ పెంచే డ్రాప్స్ వేయమని కొందరు, మూడు నెలలు ఎవర్నీ గదిలోకి రానివ్వొద్దని కొందరు. ఏం చేయమంటారు?

జవాబు: డ్రాప్స్ వద్దండీ, అలాంటి మందేమీ లేదు. పుట్టినరోజు 9,000 నుంచి 30,000 దాకా మామూలే, కాన్పు ఒత్తిడికి న్యూట్రోఫిల్స్ ఎగదన్నుతాయి, వారం తిరిగేసరికి దిగి లింఫోసైట్లే ఎక్కువవుతాయి, నాలుగైదేళ్ల దాకా అలాగే ఉంటాయి. ఏడాది పిల్లల రిపోర్టులో లింఫోసైట్లు 60 శాతం చూసి కంగారుపడేవాళ్లకు కూడా ఇదే జవాబు.

పసిబిడ్డ దగ్గర కణాలకు కొదవ లేదు. వాళ్ల ఒంటితో పోలిస్తే థైమస్ గ్రంథి పెద్దది, టీ కణాలు దండిగా తయారవుతుంటాయి. కాకపోతే దాదాపు అన్నీ ఇంకా ఏ క్రిమినీ చూడనివి. కడుపులో ఉన్నప్పుడు తల్లి కణాలు లోపలికి వస్తుంటే వాటి మీద దాడి చేయకుండా ఉండటం బిడ్డ నేర్చుకుంటుంది, బిడ్డలోని రెగ్యులేటరీ టీ కణాలే ఆ పని చేస్తాయని 2008లో తేలింది. ఆ ఓర్పు పుట్టాక కూడా కొంతకాలం ఉంటుంది, దానివల్ల లాభమూ ఉంది: కొన్ని గంటల్లో చర్మం మీదా పేగుల్లోనూ కోట్లాది బ్యాక్టీరియా చేరతాయి, ప్రతిదానికీ ఒళ్లు మండిపోతే బిడ్డ తట్టుకోలేదు. నష్టం ఏమిటంటే నిజంగా చెడ్డ క్రిమి వచ్చినప్పుడు స్పందన నెమ్మది. న్యూట్రోఫిల్స్ ఇన్‌ఫెక్షన్ ఉన్నచోటికి చేరడంలో ఆలస్యం చేస్తాయి, మజ్జలో వాటి నిల్వ తక్కువ, గట్టి ఇన్‌ఫెక్షన్‌లో త్వరగా అయిపోతాయి. అప్పుడు తెల్లకణాల సంఖ్య పెరగకపోగా 4,000–5,000కు పడిపోవచ్చు, పసిబిడ్డల్లో మేం ఎక్కువ భయపడేది ఆ తగ్గుదలకే.

ఈ లోటును పూడ్చేది తల్లిపాలు. ముర్రుపాలల్లో ఐజీఏ యాంటీబాడీలు చిక్కగా ఉంటాయి. తల్లి పేగుల్లో ఏ క్రిములు తగిలాయో వాటికి తగ్గ కణాలు రొమ్ముకు చేరి అక్కడ ఐజీఏ తయారుచేస్తాయి, అంటే తల్లీబిడ్డలు ఉండే ఇంట్లో తిరిగే క్రిములకు సరిపోయే రక్షణ అది. ఆ ఐజీఏ బిడ్డ రక్తంలో కలవదు, పేగు గోడను అంటిపెట్టుకుని కాపలా కాస్తుంది.

గదిలోకి ఎవరూ రాకూడదని లేదు, చేతులు కడుక్కుని రావాలి. జలుబు, దగ్గు ఉన్నవాళ్లు ఆగాలి. పెదవి మీద జ్వరపుపొక్కు ఉన్నవాళ్లు ఎంత దగ్గరివాళ్లయినా బిడ్డను ముద్దుపెట్టుకోకూడదు, అది హెర్పిస్, ఈ వయసులో మెదడుకు పాకుతుంది. మూడు నెలల్లోపు బిడ్డకు 100.4 డిగ్రీల జ్వరం ఉంటే ఇంట్లో మందు వేసి చూద్దామనుకోకండి, అర్ధరాత్రి అయినా ఆస్పత్రికి వెళ్లాలి. జ్వరమే రాకుండా కూడా ఇన్‌ఫెక్షన్ ముదురుతుంది: పాలు తాగడం మానేయడం, లేపినా లేవకుండా మగతగా ఉండటం, ఒళ్లు చల్లబడటం, నిమిషానికి 60 మించి ఊపిరి తీయడం, మూలగడం. వీటిలో ఏదున్నా అదే మాట.

ప్రశ్న: తల్లి యాంటీబాడీలు ఉంటాయిగా, మరి రెండో నెలలోనే అన్ని టీకాలు ఒకేసారి ఎందుకు? తట్టు టీకా మాత్రం అంత ఆలస్యం ఎందుకు?

జవాబు: పైన లెక్క చూశారుగా, అరువు తెచ్చినవి కరిగిపోయేలోపు బిడ్డ సొంతవి తయారుచేసుకోవాలి. మూడు నుంచి ఆరు నెలల మధ్య బిడ్డ రక్తంలో ఐజీజీ అన్నిటికంటే తక్కువగా ఉంటుంది, అందుకే టీకాలు దానికి ముందే మొదలవుతాయి. రోజూ వేల క్రిములను చూసే బిడ్డకు ఒకేసారి నాలుగైదు టీకాలు భారం కాదు. చక్కెర పూత ఉన్న హిబ్, న్యుమోకోకస్ లాంటి బ్యాక్టీరియాకు రెండేళ్లలోపు పిల్లల బీ కణాలు (యాంటీబాడీలు చేసేవి) సరిగా స్పందించవు, అందుకే ఆ పూతను ఒక ప్రొటీన్‌కు అతికించి టీకా చేస్తారు, అప్పుడు టీ కణాల సాయం దొరుకుతుంది. తట్టు టీకాలో ఉండేది బతికున్న బలహీనమైన వైరస్, తల్లి యాంటీబాడీలు ఇంకా ఉంటే దాన్ని పనిచేయకముందే తుడిచేస్తాయి. అందుకే దేశాన్ని బట్టి 9 నెలలకో 12 నెలలకో వేస్తారు. 9 నెలలకు వేసినచోట రెండో డోసు మరీ ముఖ్యం, మొదటిది కొందరిలో అంటుకోదు. కార్డులో ఆ రెండో డోసు తేదీ రాసి ఉందో లేదో ఒకసారి చూసుకోండి.